ప్రౌస్టైటా, జాంథోకొనైటా?

మీ ఖనిజ నమూనా ఈ రెండింటిలో ఏదని, వాటి వర్గీకరణ ఏమిటని అడిగారు. రసాయన విశ్లేషణ రిపోర్టులో వెండి, ఆర్సెనిక్, గంధకం 3:1:3 నిష్పత్తిలో వచ్చాయని దాన్ని ప్రౌస్టైట్ అనే వెండి ఖనిజంగా తేల్చేయకండి. అరుదుగా దొరికే జాంథోకొనైట్ ఫార్ములా కూడా అదే. తేడా అంతా పరమాణువుల అమరికలో ఉంది: ప్రౌస్టైట్ ట్రైగోనల్, జాంథోకొనైట్ మోనోక్లినిక్ (ఇవి రెండు వేర్వేరు స్ఫటిక వ్యవస్థల పేర్లు). అందుకే రసాయన విశ్లేషణ ఎన్నిసార్లు చేయించినా ఈ చిక్కు వీడదు.

ముందు నునుపు పూత లేని పింగాణీ పలక మీద చిన్న ముక్కను గీసి చూడండి. గీత సిందూరపు ఎరుపులో పడితే ప్రౌస్టైట్, నారింజ కలిసిన పసుపులో పడితే జాంథోకొనైట్. స్ఫటికాలు పలచటి బిళ్లల్లా ఉంటే నేను రెండోదానికే మొగ్గుతాను. పక్కాగా తేలాలంటే మాత్రం ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (పరమాణువుల అమరికను చూపే పరీక్ష) చేయించాల్సిందే.

వర్గీకరణ అడిగారు కదా, రెండూ సల్ఫోసాల్టులే, అంటే లోహం, ఆర్సెనిక్ లాంటి అర్ధలోహం, గంధకం కలిసిన ఖనిజాలు. ఖనిజాలను వర్గీకరించే స్ట్రుంజ్ పద్ధతిలో సల్ఫైడ్ల (గంధకపు సమ్మేళనాల) తరగతిలోకే వస్తాయి.

దయచేసి నమూనాను వెలుతురులో ఉంచకండి. ప్రౌస్టైట్ అయితే నల్లబడిపోతుంది. మూత ఉన్న డబ్బాలో పెట్టండి.