డిశ్చార్జి బుక్కులో భవాని, మెమోలో దుర్గా శ్రీభవాని

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. మా ఆయన ఆర్టిలరీలో హవల్దారుగా చేసి పెన్షన్ మీద వచ్చారు. రెండేళ్ళ క్రితం పోయారు. నాకు ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. రెండో అమ్మాయి ఇంటర్లో వెయ్యికి 871 తెచ్చుకుని ఈ ఏడాది భీమవరంలో బీటెక్‌లో చేరింది. మాజీ సైనికుల పిల్లలకి ఇచ్చే పీఎం స్కాలర్‌షిప్‌కి పెడదామని నెట్ సెంటర్‌కి వెళితే, టెన్త్ మెమోలో ‘దుర్గా శ్రీభవాని’, పట్టాళం నుంచి వచ్చేసేటప్పుడు మా ఆయనకి ఇచ్చిన డిశ్చార్జి బుక్కులో ‘భవాని’ అని ఉంది కాబట్టి రిజెక్ట్ అయిపోతుందన్నారు. మెమోలో పేరు మార్పించమని కొందరు, కోర్టులో దావా వేయమని కొందరు చెబుతున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. పెద్దమ్మాయికి పెళ్ళయింది, 23 ఏళ్ళు, బీఈడీ చేస్తానంటోంది. తనకేమైనా వస్తుందా? అబ్బాయి ఇంటర్ ఫస్టియర్.
– ఒక సైనికుడి భార్య, కోనసీమ

జవాబు: అమ్మా, ముందుగా ఒక్క మాట. మెమో జోలికి వెళ్ళకండి. ఆధార్, ఇంటర్ మార్కులు, కాలేజీ అడ్మిషన్, బ్యాంకు ఖాతా అన్నీ ఆ మెమో మీదే నిలబడి ఉన్నాయి. దాన్ని కదిపితే ఒక తేడా పోయి నాలుగు తేడాలు వస్తాయి. సరిచేయాల్సింది పట్టాళం రికార్డుని. దానికి దావా కూడా అక్కర్లేదు.

ఈ చిక్కు మీ ఒక్కరిదే కాదు. ఉద్యోగంలో ఉండగా బిడ్డ పుడితే జవాను యూనిట్‌లో చెబుతాడు, వాళ్ళు ‘పార్ట్ టూ ఆర్డర్’ వేస్తారు, అది సర్వీసు రికార్డులోకి ఎక్కుతుంది. చివరికి డిశ్చార్జి బుక్కులో కనబడేది అదే. ఆ రోజు ఇంట్లో ఏ పేరుతో పిలిస్తే ఆయన ఆ పేరే చెప్పి ఉంటారు. అయిదేళ్ళకి బడిలో వేసేటప్పుడు తాతగారో పంతులుగారో నిండుపేరు రాయిస్తారు. దీనికి తోడు మన ఇంటిపేరు ముందుంటుంది, పట్టాళం కాగితాల్లో వెనక్కి పోతుంది. తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరంలో అయితే పార్ట్ టూ ఆర్డర్ అంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. మన లంకల్లో మాత్రం మనిషి పోయాక, ట్రంకుపెట్టె తెరిచాకే ఆ మాట వింటాం.

మీ ఉత్తరాన్ని బట్టి పుట్టినతేదీలో తేడా లేనట్టుంది. అదే నిజమైతే సగం పని అయిపోయినట్టే. బడిలో చేర్చుకునేటప్పుడు జూన్ తేదీలు వేసేసే అలవాటు వల్ల, ఇలాంటి కేసుల్లో అసలు తలనొప్పి తేదీతోనే వస్తుంది.

ఇప్పుడు అఫిడవిట్. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. టైపు చేసేవాళ్ళ దగ్గర ‘పేరు మార్పు’ నమూనా సిద్ధంగా ఉంటుంది, పేర్లు మార్చి ప్రింటు తీసి ఇచ్చేస్తారు. మీ అమ్మాయి పేరు మార్చుకోలేదు కదా! ఇంట్లో భవాని, బడిలో దుర్గా శ్రీభవాని, అంతే. మార్చుకుంది అని రాస్తే ఎప్పుడు, ఎందుకు, గెజిట్ ఏదీ అన్న ప్రశ్నలు మొదలవుతాయి. పైగా అది నిజం కాదు, ప్రమాణం చేసి అబద్ధం చెప్పడం నేరం. ‘ఈ రెండు పేర్లూ ఒకే వ్యక్తివి, ఆమె నా భర్త ఫలానా ఆర్మీ నంబరు హవల్దారు ఫలానా వారికి నా వల్ల పుట్టిన కూతురు’ అని రాయించండి. రెండు కాగితాల్లో పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే వేయించండి.

ఈ అఫిడవిట్, టెన్త్ మెమో, జనన ధ్రువపత్రం, ఆధార్, తహసీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, ఆయన మరణ ధ్రువపత్రం, మీ పీపీఓ (పెన్షన్ మంజూరు కాగితం) నకలు పెట్టి, పేరు సరిచేయమని, జవాన్ల సర్వీసు రికార్డులు ఉండే రికార్డ్ ఆఫీసుకి అర్జీ రాయండి. దాన్ని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపించండి. ఆయన పేరు ఉమ్మడి తూర్పు గోదావరి రోజుల్లో నమోదైంది కాబట్టి మొదట కాకినాడలోనే అడగండి. ఆర్టిలరీ వాళ్ళ రికార్డ్ ఆఫీసు నాసిక్ రోడ్ క్యాంపులో ఉంది. అంటే గోదావరి పుట్టిన వైపుకి మీ కాగితం ఏటికి ఎదురు వెళ్ళాలన్నమాట! తిరిగి రావడానికి టైము పడుతుంది. వాళ్ళు పేపరు ప్రకటనో, మేజిస్ట్రేట్ ముందు చేసిన అఫిడవిట్టో అడిగితే అప్పుడు ఇవ్వండి, ముందే డబ్బు తగలేయకండి.

నాసిక్ నుంచి జవాబు వచ్చేదాకా స్కాలర్‌షిప్ మాత్రం ఆపకండి. ఇది మొదటి సంవత్సరంలో చేరినవాళ్ళకే. ఈ ఏడాది దాటితే వచ్చే ఏడాది అర్హత ఉండదు. ఆన్‌లైన్ దరఖాస్తుకి జతచేసే సర్టిఫికెట్లలో, ఈమె ఫలానా మాజీ సైనికుడి బిడ్డ అని చెప్పేదాని మీద సంతకం పెట్టేది జిల్లా సైనిక సంక్షేమ అధికారే. అందువల్ల నెట్ సెంటర్ అబ్బాయి మాటతో ఆగిపోకుండా ఆ అధికారినే కలవండి. అఫిడవిట్, రికార్డ్ ఆఫీసుకి అర్జీ పెట్టిన రసీదు చూపించి సర్టిఫికెట్ అడగండి. కుదరదంటే, ఎందుకు కుదరదో రాసి ఇమ్మనండి. నోటిమాటని ఏ కోర్టులోనూ సవాలు చేయలేం. రాసివ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ తరువాతే హైకోర్టులో 226 ఆర్టికల్ కింద రిట్. గడువులోపే అర్జీ పెట్టినట్టు రుజువుంటే ఆ రిట్‌కి బలం ఉంటుంది, లేకపోతే నేనైనా ఏం వాదించను? ‘సైన్యం విషయం కదా, ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కి వెళ్ళాలి’ అని ఎవరైనా అంటే, అది జీతం, పెన్షన్, క్రమశిక్షణ లాంటి సర్వీసు తగాదాలకి. నా లెక్కలో స్కాలర్‌షిప్ అందులోకి రాదు.

మీ అమ్మాయికి మార్కుల బాధ లేదు. కావాల్సింది 60 శాతం, తనకి 87 ఉన్నాయి. కేంద్రీయ సైనిక బోర్డు ఏటా 5,500 మందికి ఇస్తుంది, అందులో సగం ఆడపిల్లలకి. నెలకి 3,000 చొప్పున ఏడాదికి 36,000, మగపిల్లలకైతే నెలకి 2,500. అయితే ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి మీరు రాయలేదు. అది గానీ, వేరే స్కాలర్‌షిప్ గానీ వస్తుంటే దాచకండి. కాలేజీ ఇచ్చే బోనఫైడ్‌లో ఆ సంగతి బయటపడుతుంది. రెండూ కుదరవని తేలితే ఏది ఎక్కువో లెక్క వేసుకోండి. కాలేజీ ఫీజు 36,000 కంటే ఎక్కువైతే రీయింబర్స్‌మెంటే మేలు.

పెద్దమ్మాయి సంగతి. ఆధారపడినవాళ్ళ గుర్తింపు కార్డు కూతురికి పెళ్ళయ్యేదాకానే అన్న నిబంధనని 2023 జనవరిలో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. కొడుక్కి పెళ్ళయినా కొడుకే అయినప్పుడు కూతురు కూతురు కాకుండా ఎలా పోతుందన్నది ఆ తీర్పు సారం. నాకు ఆ తీర్పు నచ్చింది. కానీ అది కార్డు గురించి, పైగా పక్క రాష్ట్రపు తీర్పు. మన హైకోర్టు దాన్ని గౌరవంగా చూస్తుంది గానీ కట్టుబడి ఉండనక్కర్లేదు. ముందు కార్డుకి అర్జీ పెట్టి చూడండి, 25 నిండేలోపే. బీఈడీ కూడా పీఎం స్కాలర్‌షిప్ కోర్సుల్లో ఉంది, డిగ్రీలో 60 శాతం ఉండాలి. దీనిమీద ఆశపెట్టుకుని ఫీజు కట్టమని మాత్రం నేను చెప్పను.

అబ్బాయికి దారి వేరు. హవల్దారు, అంతకన్నా కింది హోదాల వాళ్ళ పిల్లల్లో ఇద్దరికి, ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా రక్షామంత్రి సంక్షేమ నిధి నుంచి చదువు సాయం ఉంది. నెలకి 1,000 ఉండేది, 2025 నవంబరు 1 నుంచి పెట్టిన దరఖాస్తులకి 2,000 చేశారు. ఇదీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారానే. ఫస్టియర్ పాసైన మెమో చేతికి రాగానే కదలండి. అలాగే వాడు ఈఏపీసెట్ రాసేటప్పుడు ‘క్యాప్’ అన్న గడి నింపడం మరిచిపోవద్దని చెప్పండి. సైనికుల పిల్లలకి ఇంజనీరింగ్ సీట్లలో 2 శాతం కోటా అది. అమ్మాయి విషయంలో మీకు ఎవరూ చెప్పినట్టు లేదు.

వాడి పేరు డిశ్చార్జి బుక్కులో ఎలా పడిందో ఈ రాత్రే చూడండి. తేడా ఉంటే ఇద్దరిదీ ఒకే అర్జీలో పెట్టేయొచ్చు. కాకినాడ వెళ్ళేటప్పుడు బుక్కు ఒరిజినల్ పట్టుకెళ్ళండి, చూపించి వెనక్కి తెచ్చుకోండి. నాసిక్‌కి పోయేది జిరాక్సే.