పార్కు కట్టారు సరే, మోటారు ఖర్చు ఎవరు రాస్తారు?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లాలో ఒక మున్సిపాలిటీ. మా వార్డులో రెండేళ్ల కింద పార్కు కట్టారు. ఇప్పుడు బోరు మోటారు కాలిపోయి గడ్డి అంతా ఎండిపోయింది, పిల్లల ఊయల గొలుసు తెగి వేలాడుతోంది. అడిగితే ‘నిధుల్లేవమ్మా’ అంటున్నారు. అదే నెలలో కొత్త చెత్త బండ్లు దిగాయి. బండ్లకున్న డబ్బు మోటారుకు ఎందుకుండదు?
– ఊరి పేరు వేయొద్దన్న ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మున్సిపల్ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరై ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. ‘నిధుల్లేవు’ అనే మాట సర్వీసంతా విన్నాను. అది విని ఊరుకోవద్దనే మీకు వివరంగా రాస్తున్నాను.

బండ్లు చాలాసార్లు గ్రాంటు మీద వస్తాయి, గ్రాంటుకు షరతులుంటాయి. కేంద్రం డబ్బు రాష్ట్రాలకు, ఊళ్లకు ఎలా పంచాలో చెప్పేది ఆర్థిక సంఘం. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం మీ జిల్లా పట్టణాల్లాంటి వాటికి ఇచ్చిన గ్రాంటులో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికే కట్టేసింది. చెత్త బండి అందులో ఇముడుతుంది, పార్కు మోటారు ఇమడదు. మిగతా 40 శాతాన్ని జీతాలకు, ఆఫీసు ఖర్చులకు తప్ప ఊరి అవసరాలకు వాడుకోవచ్చని చెప్పింది. అంటే మోటారుకు దారి లేకపోలేదు. ఎవరో ఒకరు ప్రతిపాదన పెట్టాలి, అంతే.

ఎవరూ పెట్టకపోతే భారమంతా జనరల్ ఫండ్ మీద పడుతుంది. ఇంటిపన్ను, నీటిపన్ను, షాపుల అద్దెలతో వచ్చే ఆ డబ్బులో జీతాలు, కరెంటు బిల్లులు, డీజిల్ పోగా మిగిలిందే రిపేర్లకు. కోత పెట్టాల్సి వస్తే ముందు కంటికి కనిపించేది కూడా ఆ పద్దే. లక్షలు పోసి పార్కు కట్టి, మోటారు దగ్గర చేతులెత్తేయడం ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పడటమే.

బండ్ల సంగతీ ఇంతే. వాటి లాగ్ బుక్ ఎప్పుడైనా తిరగేయండి. తేదీ, కిలోమీటర్ రీడింగు, పోయించిన డీజిల్, డ్రైవర్ సంతకం. కొత్తలో ఒక్క రోజూ తప్పకుండా వరుసగా ఉంటుంది. పోనుపోను లీటరుకు వచ్చే కిలోమీటర్లు తగ్గుతాయి, ఆపైన మధ్యమధ్యలో తేదీలే కనిపించవు. హైడ్రాలిక్ పైపు పగిలో, టైర్లు లేకో బండి షెడ్డులో పడున్న రోజులవి. వచ్చే ఏడాది రిపేర్లకు ఎంత కావాలో ఆ కనిపించని తేదీలే చెబుతాయి. వాటిని చూడకుండా పోయినేడాది అంకెకు కాస్త కలిపి అంచనా వేసేస్తే డిసెంబరుకే పద్దు ఖాళీ అవుతుంది.

ఇంకోటి. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ పొడిగించకూడదన్న కేంద్రం నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మున్సిపాలిటీల బండ్లకూ అది వర్తిస్తుంది. ఒకే ఏడాది పది బండ్లు కొంటే పదీ ఒకే ఏడాది మూలన పడతాయి. అప్పుడు ఒక్కసారిగా డబ్బు ఎక్కడినుంచి తెస్తారు? ఏటా ఒకటో రెండో మార్చేలా జాబితా ముందే రాసుకోవాలి.

భవనాలకైతే మన వానలతోనే చిక్కు. మన వైపు గట్టి వానలు అక్టోబరు, నవంబరుల్లో పడతాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా మునిగాయో అందరం చూశాం. బడ్జెట్ ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది. అంచనా, టెండరు, అగ్రిమెంటు అంటూ నెలలు గడిచిపోతే స్లాబు లీకేజీ పని సరిగ్గా ముసురులో మొదలవుతుంది. అంచనా జనవరిలోనే సిద్ధమైతే ఎండాకాలంలోనే పని అయిపోతుంది.

మీరు ‘మోటారు వేయించండి’ అని మాత్రమే అర్జీ పెట్టకండి. అది ఈసారికే సరిపోతుంది. మీ పార్కు పేరుతో ఏటా నిర్వహణ పద్దు పెట్టమని రాయండి. మోటారు రిపేరు, కరెంటు బిల్లు, కాపలా మనిషి, ఆట సామాన్లు దేనికది విడిగా చూపించండి. అంచనాలు తయారయ్యే చలికాలంలోనే అది మీ కౌన్సిలర్ చేతికి అందాలి, మార్చిలో ఇస్తే ఆలస్యమైపోతుంది. వార్డులో పదిమంది చేత సంతకాలు పెట్టించండి. ఆఫీసులో ఇచ్చినప్పుడు రసీదు తప్పకుండా తీసుకోండి.

ప్రశ్న: లెక్కల్లో ఏటా తరుగుదల చూపిస్తారు కదా, ఆ సొమ్ముతో కొత్త బండి కొనుక్కోవచ్చు కదా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: తరుగుదల అంటే వాడేకొద్దీ బండి విలువ ఏటా తగ్గడం. దాన్ని పుస్తకంలో ఖర్చుగా రాస్తారు. రాసినంత మాత్రాన బ్యాంకులో రూపాయి చేరదు. ఏటా ఆ మేరకు డబ్బు వేరే ఖాతాలోకి మళ్లిస్తేనే బండి పోయే నాటికి చేతిలో ఉంటుంది. మీ దగ్గర అలాంటి ఖాతా ఉందో లేదో సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. బడ్జెట్ వివరాలను ఎవరూ అడక్కుండానే బయట పెట్టాలని అదే చట్టంలోని 4వ సెక్షన్ చెబుతోంది. ఆస్తుల రిజిస్టరు, లాగ్ బుక్ స్వయంగా చూస్తానని కూడా దరఖాస్తులో రాయండి, ఆ హక్కు మీకుంది.