అమ్మకు వచ్చింది ఎండదెబ్బ కాదు

రొమ్ము క్యాన్సర్ ఎముకల్లోకే ఎందుకు పాకుతుంది, అప్పుడు దాన్ని ఎముక క్యాన్సర్ అనాలా అని అడిగారు. అనకూడదు. వెన్నెముకలోకి చేరినా అది రొమ్ము క్యాన్సరే, వాడే మందులూ దానివే. ఈ తేడా తెలియక మా చుట్టాలు అమ్మను ఎంత భయపెట్టారో చెప్పలేను.

ఆపరేషన్, కీమో అన్నీ అయి నాలుగేళ్లు గడిచాక అమ్మకు నడుంనొప్పి మొదలైంది. వయసు అనుకున్నాం. స్కాన్ తీస్తే వెన్నుపూసల్లో మచ్చలు. అది జరిగిన రెండు నెలలకు రోహిణి కార్తె వచ్చింది. ఒంగోలులో ఇల్లంతా కుంపటిలా ఉంది. అమ్మ మంచం పక్కన చెంబు ఎన్నిసార్లు నింపినా ఖాళీయే. అన్ని నీళ్లు తాగినా నాలుక పిడచకట్టుకుపోయేది. నాలుగు రోజులుగా విరేచనం లేదు, పగలంతా మగత. ఓ సాయంత్రం మజ్జిగ పట్టుకెళ్తే నా వైపు చూసి, "తమ్ముడూ, గేదెలకు నీళ్లు పెట్టావా?" అంది. గేదెల్ని అమ్మేసి ఇరవై ఏళ్లు. మామయ్య పోయి తొమ్మిదేళ్లు.

పిన్ని ఎండదెబ్బ అంది. నేనూ అదే అనుకుని ఓఆర్‌ఎస్ పట్టించాను. ఒక రోజు అలా పోగొట్టాను. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ రక్తంలో కాల్షియం పరీక్ష రాసింది. 14.2 వచ్చింది. మామూలుగా 10.5 దాటకూడదు. ఆ దాహం, మలబద్ధకం, మగత అన్నీ దానివల్లే. రాత్రంతా సెలైన్ ఎక్కించి, ఆ తర్వాత ఎముక కరగకుండా ఆపే జొలెడ్రోనిక్ యాసిడ్ అనే మందు పెట్టారు. నాలుగో రోజు పొద్దున అమ్మ నన్ను చూసి, "గడ్డం గీసుకోలేదేంరా?" అంది. వరండాలోకి వెళ్లి ఏడ్చాను.

ఆ కాల్షియం ఎక్కడిదనుకున్నారు? అమ్మ ఎముకలదే. మీ ప్రశ్నకు జవాబూ అక్కడే ఉంది. ఎముకలో పాతదాన్ని కరిగించే కణాలు, కొత్తది కట్టే కణాలు రెండూ రోజూ పనిచేస్తుంటాయి. కట్టే కణాలు ర్యాంక్-ఎల్ అనే ప్రొటీన్‌తో కబురు పెడితే కరిగించేవి పనిలోకి దిగుతాయి. రొమ్ము నుంచి వచ్చిన క్యాన్సర్ కణం పీటీహెచ్‌ఆర్‌పీ అనే పదార్థం వదిలి, ఆ కబుర్లు అదే పనిగా వెళ్లేలా చేస్తుంది. ఎముక కరుగుతుంది, కాల్షియం రక్తంలోకి వచ్చి పడుతుంది. ఎముకలో నిల్వ ఉన్న టీజీఎఫ్-బీటా అనే ప్రొటీన్ కూడా బయటికొస్తుంది. అది తగిలిన క్యాన్సర్ కణం పీటీహెచ్‌ఆర్‌పీని ఇంకా ఎక్కువ వదులుతుంది. ఇక దానికి అంతు ఉండదు. 1889లోనే స్టీఫెన్ పేజెట్ అనే ఇంగ్లండ్ సర్జన్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది రికార్డులు పరిశీలించి, క్యాన్సర్ కణం విత్తనం లాంటిదని, తగిన నేల దొరికితేనే మొలుస్తుందని రాశాడు. సేద్యం చేసిన ఇంట్లో పుట్టినవాణ్ని, నాకు ఆ మాట వెంటనే ఎక్కింది.

కాల్షియం దిగాక డాక్టరు నెలకో డెనోసుమాబ్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. ర్యాంక్-ఎల్‌ను పట్టుకుని ఆ కబురు అందకుండా చేసే మందు అది. క్యాన్సర్‌ను పోగొట్టదు, ఎముకను కాపాడుతుంది. దవడ ఎముక దెబ్బతినే ప్రమాదం ఉంది కాబట్టి ముందు పళ్ల డాక్టరుకు చూపించి, పుచ్చిన దంతం తీయించి, పుండు మానాకే వేయించాం. ఈసారి ఆ మందుతో కాల్షియం పడిపోకుండా బిళ్లలు కూడా రాశారు. దాని మీద మళ్లీ చుట్టాల గొడవ. కాల్షియంతోనే కదా చావు దాకా వెళ్లింది, పాలు కూడా మానేయమని ఒకటే పోరు. ఒంట్లోంచి కరిగి వచ్చిన కాల్షియానికీ, గ్లాసుడు పాలకూ సంబంధం లేదని ఎంత చెప్పినా వినరు.

నా కోపం అంతకంటే ముందు సంగతి మీద. ఎముకలకు పాకిందని చెప్పి ఇంటికి పంపిన రోజు, విపరీతమైన దాహం, మలబద్ధకం, మగత కనిపిస్తే పరుగెత్తుకు రమ్మని ఒక్కరూ చెప్పలేదు. ఒక్క వాక్యం చాలు కదా! ఎముకలకు పాకినవాళ్లను వేసవిలో ఎండదెబ్బ అని ఇంట్లోనే ఉంచేసిన కుటుంబాలు చాలా ఉంటాయని నా గట్టి నమ్మకం. మీ ఇంట్లో ఈ జబ్బుతో ఎవరైనా ఉంటే, ఈ మూడు లక్షణాలూ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. మా ఇంట్లో అమ్మే తన చేత్తో రాసి అంటించింది.