విచారణకు బయల్దేరే ముందు

చిరంజీవి నాయనకు కర్నూలు నుంచి మీ పెదనాన్న ఆశీస్సులు.

వేటకొడవలి ఎత్తిన మనిషి మీద ఎస్సై కాల్పులు జరిపిన కేసు విచారణ నీకే వచ్చిందని, నువ్వు టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది.

ఆ కాల్పుల సెల్‌ఫోన్ వీడియోను చివరికి ఉంచుకో. ముందే చూస్తే అదే కళ్లల్లో నిలిచిపోతుంది. సంఘటన జరిగిన వేళకే, ఆ వెలుతురులోనే పోయి, ఎస్సై నిలబడిన చోట నిలబడు. టేపుతో దూరం కొలువు. డెన్నిస్ టుల్లర్ అనే అమెరికా పోలీసు శిక్షకుడు 1983లో ఒక లెక్క రాశాడు. కత్తి పట్టినవాడు 21 అడుగులు దాటి మీదికి రావడానికి సుమారు ఒకటిన్నర సెకను చాలు. 21 అడుగుల లోపల ఉంటే కాల్చేయవచ్చని కొందరు దీనికి అర్థం చెప్తారు. అది తప్పు. అంత దగ్గరికి పోకుండా ఉండమని దాని అర్థం.

నా సంగతే చెప్తాను. ఎస్సైగా ఉన్నప్పుడు ఒక ఫ్యాక్షన్ ఊళ్లో రాత్రిపూట ఇద్దరు కానిస్టేబుళ్లతో ఇరుకు సందులోకి దూరాను. ఎదురుగా కొడవలి, వెనక గోడ. కాల్చాను. అతను బతికాడు గానీ చేయి పడిపోయింది. విచారణకు వచ్చిన అధికారి ఆ చివరి మూడు సెకన్లే చూసి, నేను చేసింది సరైనదేనని రాశాడు. ఆ మూడు సెకన్లలో నాకు వేరే దారి లేదు, నిజమే. పది నిమిషాల ముందు మాత్రం ఉంది. ఇంకో జీపు వచ్చేదాకా సందు మొదట్లోనే ఆగాల్సింది. ఎందుకు ఆగలేదని నన్నెవరూ అడగలేదు. ఆ చేయి ఇప్పటికీ నాకు గుర్తొస్తుంది.

నువ్వు అడుగు. జీడీ (స్టేషన్లో రోజూ రాసే జనరల్ డైరీ), వైర్‌లెస్ లాగ్ పక్కపక్కన పెట్టి, ఏ నిమిషానికి ఎస్సైకి ఏం తెలుసో రాసుకో. లోపల పిల్లలెవరైనా చిక్కుకుని ఉంటే ఆగడం కుదరదు, అప్పుడు ఎస్సై వెళ్లడమే సరి. తర్వాత తెలిసిన సంగతులతో మాత్రం తూచవద్దు. కాల్చిన క్షణం గురించి ఒక అభిప్రాయం, అక్కడిదాకా వచ్చిన తీరు గురించి ఇంకొకటి, విడివిడిగా రాయి.

పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో 2014లో వచ్చిన తీర్పు తీసి చదువు. ఎన్‌కౌంటర్ మరణం మీద దర్యాప్తు సీఐడీ గానీ వేరే స్టేషన్ వాళ్లు గానీ చేయాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నిబంధనలు తీవ్ర గాయాలకూ వీలైనంతవరకు వర్తిస్తాయంది. కాబట్టి స్టేట్‌మెంట్లు రాయడానికి ఆ స్టేషన్ రైటర్‌ను పెట్టుకోవద్దు. కానిస్టేబుళ్లను ఒక్కొక్కరినే పిలువు. తూటా ముందు నుంచి తగిలిందా, వెనక నుంచా అన్నది డాక్టరునే అడుగు.

తూటా తగిలి ఆసుపత్రిలో ఉన్న మనిషి దగ్గరికి యూనిఫాం లేకుండా పో. వాళ్లమ్మ పక్కనే ఉంటే ఆమె చెప్పేది కూడా పూర్తిగా విను.

మీ పెదనాన్న