ఐదో తరగతి మీటింగుకు అమ్మే వెళ్లాలి

ప్రశ్న: మాది హన్మకొండలో ఉమ్మడి కుటుంబం. నేను నర్సంపేట దగ్గరి పల్లెలో వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టి, పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదువుకున్నాను. ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడిలో చదువుతున్న మా బాబు ఈ జూన్‌లో ఐదో తరగతికి వచ్చాడు. ఏడాదంతా ఏం చెప్తారో, ఇంటి దగ్గర మేం ఏం చూసుకోవాలో వివరించడానికి బడివాళ్లు మీటింగు పెడితే, మా ఆయన బాబు ముందే ‘నీకేం సమజైతది, వదిన పోయొస్తది’ అని మా యారాలిని పంపించారు. ఆమె బీటెక్ చదివింది. ఆమె కొడుకు కూడా అదే బడిలో ఏడో తరగతి. ఆమె తెచ్చిన నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితాన్ని ఫోన్‌లో తెలుగు చేసుకొని చదివితే, చాలా ఎక్కువ అడుగుతున్నారని భయమేసింది. ఎఫ్‌ఏ, ఎస్‌ఏ అని ఉన్నవి ఏమిటో అర్థం కాలేదు, భిన్నాల లెక్కలంటే నాకే భయం. ఆ పేజీల ఫొటోలు పంపుతున్నాను. డైరీ చూపించమంటే బాబు ‘నీకెందుకు, పెద్దమ్మకు చూపిస్త’ అంటున్నాడు. నేను స్పోకెన్ ఇంగ్లీషులో చేరితే మంచిదా? లేక వాడిని నవోదయ కోచింగ్‌లో చేర్పించి, సీటు వస్తే హాస్టల్‌కు పంపడం మంచిదా?

జవాబు: అమ్మా, మీరు అడిగిన రెండు ప్రశ్నలకూ త్వరగా జవాబు చెప్పి, అడగని సంగతికి వస్తాను. ఇంగ్లీషు మాట్లాడాలని మీకే మనసుంటే తప్పకుండా నేర్చుకోండి. పదేళ్ల కొడుకు డైరీ చూడడానికి మాత్రం దాన్ని అర్హతగా పెట్టుకోకండి. ఇక నవోదయ మంచి విద్యాలయం, మామునూరులో మీకు దగ్గరే ఉన్నది. ఐదో తరగతి పిల్లలు ఆరో తరగతి ప్రవేశం కోసం రాసే ఆ పరీక్ష రెండు గంటలది, 80 ప్రశ్నలకు 100 మార్కులు. సగం మార్కులు మేధాశక్తి ప్రశ్నలకు, మిగతా సగంలో లెక్కలకు 25, భాషకు 25 ఉంటాయి, తెలుగులోనూ రాయవచ్చు. జిల్లాలో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ ప్రాంతాల బడుల్లో చదివిన పిల్లలకు కేటాయిస్తారు కాబట్టి, పట్నంలో చదువుతున్న మీ బాబు మిగిలిన సీట్లకే పోటీ పడాలి. రాయించాలనుకుంటే రాయించండి. అయితే మీ ఉత్తరంలో హాస్టల్ మాట వచ్చిన చోటును మీరే మరొకసారి చూసుకోండి, ‘నీకెందుకు’ అని బాబు అన్న వాక్యం వెంటనే అది వచ్చింది. ఆ మాట మళ్లీ చెవిన పడకూడదనే కొడుకును దూరంగా పంపే ఆలోచన చేస్తున్నారని నాకనిపిస్తున్నది. పిల్లవాడు హాస్టల్‌కు వెళ్లినా ఆ మాట ఇంట్లోనే ఉంటుంది, ఎందుకంటే అది వాడికి పుట్టిన మాట కాదు.

అది మీ భర్త మాట. ఆయన దురుద్దేశంతో అన్నారని నేను అనుకోవడం లేదు. వదిన ఎలాగూ తన కొడుకు కోసం ఆ బడికి వెళ్తూ వస్తూ ఉంటుంది, పని సులువుగా అయిపోతుందని అనుకొని ఉండవచ్చు. కానీ ఇంట్లో ఎవరి మాట వినాలో, ఎవరి మాట వినకపోయినా నడుస్తుందో పిల్లలు తండ్రి నోటి నుంచే నేర్చుకుంటారు. తల్లిని చులకన చేసే మాటను పిల్లల ముందు అనే హక్కు ఏ తండ్రికీ లేదని, ఆయన ఎంత చదివినా, ఎంత సంపాదించినా లేదని నేను గట్టిగా నమ్ముతాను. ఈ విషయంలో మీరు కూడా ఊరుకున్నారు. ఇంట్లో గొడవ ఎందుకని ఊరుకోవడం మన ఆడవాళ్లకు చిన్నప్పటి నుంచీ నేర్పిన పద్ధతే అయినా, చూస్తున్న పిల్లవాడికి అది తండ్రి మాటను మీరు ఒప్పుకున్నట్లే కనిపిస్తుంది.

ఇప్పుడు మిమ్మల్ని భయపెట్టిన ఆ కాగితం సంగతి చూద్దాం, నేను మొదటి నుంచి చివరి వరకు చదివాను. అందులో పాఠాల జాబితా పోను తల్లిదండ్రుల నుంచి కోరినవి ఇవే: పిల్లవాడు రోజూ కొంతసేపు పైకి చదువుతుంటే ఎవరైనా పక్కన కూర్చొని వినాలి, టైంటేబుల్ చూసి బ్యాగు వాడే సర్దుకోవాలి, ప్రాజెక్టులు పెద్దవాళ్లు చేసిపెట్టకూడదు, సెలవు పెడితే చీటీ రాసి పంపాలి, డైరీలో రోజూ సంతకం ఉండాలి. వీటిలో ఇంగ్లీషు వచ్చిన తల్లి మాత్రమే చేయగలిగినది ఒక్కటి చూపించండి. పిల్లవాడు చదివేటప్పుడు ఎక్కడ తడబడుతున్నాడో, ఏ వాక్యాన్ని అర్థం కాకుండానే దాటేస్తున్నాడో వినే చెవికి తెలిసిపోతుంది, ‘ఇప్పుడు చదివింది నాకు తెలుగులో చెప్పు’ అని అడిగితే మిగతాది కూడా బయటపడుతుంది. ఇలా అడగడం వాడికి మేలే చేస్తుంది.

కాగితంలో ఎఫ్‌ఏ, ఎస్‌ఏ అని ఉన్నవి చూసి మీరు కంగారు పడ్డారు. ఎస్‌ఏ అంటే చాలా పాఠాలు అయ్యాక వాటన్నిటి మీద పెట్టే పెద్ద పరీక్ష. ఎఫ్‌ఏ అంటే ఏడాది మధ్యలో జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనం. అందులో చిన్న రాత పరీక్ష ఒక భాగం మాత్రమే, నోటు పుస్తకాల్లోని రాత పనికి, ప్రాజెక్టుకు, తరగతిలో పాల్గొనే తీరుకు కూడా మార్కులుంటాయి. అందుకే ఐదో తరగతిలో రోజువారీ నోటు పుస్తకం చూసే మనిషి అవసరం ఎక్కువ. మన రాష్ట్ర సిలబస్‌లో ప్రాథమిక స్థాయికి ఇదే చివరి తరగతి. వచ్చే ఏడాది హిందీ చేరుతుంది, ఇప్పుడు ఒకటిగా ఉన్న పరిసరాల విజ్ఞానం సామాన్యశాస్త్రం, సాంఘికశాస్త్రంగా విడిపోతుంది. ఈ ఏడాది చదవడం, లెక్క, తన పని తాను చేసుకోవడం గట్టిపడాలని బడివాళ్లు కోరడంలో అన్యాయమేమీ లేదు.

పాఠాలు మీకు అందడానికి ఒక దారి ఉన్నది. 2022-23 నుంచి మన సర్కారు బడుల పుస్తకాలు ఒక పేజీ తెలుగులో, ఎదుటి పేజీ ఇంగ్లీషులో వస్తున్నాయి. మీ వాడలో సర్కారు బడికి వెళ్లే ఐదో తరగతి పిల్లలెవరైనా ఉంటే లెక్కల పుస్తకం, పరిసరాల విజ్ఞానం పుస్తకం ఒకసారి అడిగి చూడండి. మీ బడి పుస్తకాలు వేరే కంపెనీవే అయినా ఈ తరగతిలో చెప్పేది భిన్నాలు, కారణాంకాలు, గుణిజాలు, చుట్టుకొలత, వైశాల్యం వంటివే. భిన్నాలంటే మీకు భయమెందుకో నాకు అర్థం కాలేదు. మీరు వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టారు, ఎకరానికి 40 గుంటలని మీకు చిన్నప్పుడే తెలుసు. ‘తాతకు ఎకరం భూమి ఉంటే పది గుంటల్లో మిర్చి పెట్టాడు, అది ఎకరంలో ఎంత భాగం’ అని అడగండి. నలభైలో పది అంటే నాలుగింట ఒకటి అని, దాన్నే పావు ఎకరం అంటామని వాడు వేసుకుంటాడు. ఇరవై గుంటలు అడగండి, ముప్ఫై గుంటలు అడగండి. తర్వాత పది గుంటలు, ఇరవై గుంటలు కలిపితే ఎంత భాగమని అడిగితే భిన్నాల కూడిక కూడా వచ్చేస్తుంది. రేపు పంటల మీద ప్రాజెక్టు ఇస్తే నెట్‌లో తీసిన రంగు బొమ్మలు అతికించకుండా, మిర్చి నారు ఎప్పుడు పోస్తారో, కోసిన కాయను కల్లంలో ఎన్నాళ్లు ఎండబెడతారో, ఏనుమాముల మార్కెట్‌కు బస్తాలు ఎలా తీసుకుపోతారో మీ నాన్నగారికి ఫోన్ చేయించి వాడి చేతనే రాయించండి. ఈ పని మీ యారాలి చదువుతో అయ్యేది కాదు.

ఆమె మీద కోపం మాత్రం పెట్టుకోకండి. పంపితే వెళ్లింది, తెచ్చిన కాగితం దాచకుండా మీకే ఇచ్చింది. ‘అక్కా, ఇక నుంచి బాబు డైరీ నేను చూస్తాను, తెలియనిది ఉంటే నిన్నే అడుగుతాను’ అని మీరే చెప్పండి. ఆమెకు కూడా బరువు తగ్గుతుంది.

మాట్లాడవలసింది మీ భర్తతో. అందరూ ఉన్నప్పుడు, అన్నం ముందు కూర్చున్నప్పుడు ఎత్తకండి, పిల్లవాడు పడుకున్న తర్వాత చెప్పండి. ‘మీరు అన్న మాటను వాడు నాతో అంటున్నాడు’ అన్న ఒక్క విషయం చెప్పి, డైరీ అడిగినప్పుడు బాబు అన్న మాటలు ఉన్నవి ఉన్నట్లు వినిపించండి. పాత గొడవలన్నీ అందులోకి తేవద్దు, ఏడవవద్దు కూడా, ఏడిస్తే మాట పక్కకు పోయి ఓదార్పు మొదలవుతుంది. తర్వాత ఆయన చేయవలసిన పని అడగండి: బాబును పిలిచి, డైరీ అమ్మకే చూపించాలని, సంతకం అమ్మే చేస్తుందని ఆయన నోటితోనే చెప్పాలి. తండ్రి చెప్పి తీసేసిన స్థానాన్ని తండ్రే తిరిగి ఇవ్వాలి, ఈ పని మీరు వాడిని బతిమాలినా, బెదిరించినా జరగదు. ఆయన నవ్వి తేల్చేస్తే మరుసటి వారం మళ్లీ అదే మాట, అదే గొంతుతో చెప్పండి. ఆయన ఒప్పుకునే దాకా ఆగకుండా ఆ రోజు నుంచే సంతకం మీరు మొదలుపెట్టండి, తెలుగులోనే చేయండి.

బాబును ఈ మాటకు కొట్టవద్దు. ‘నీకెందుకు’ అన్నప్పుడు ‘నేను మీ అమ్మను కాబట్టి’ అని చెప్పి డైరీ చేతిలోకి తీసుకోండి, అంతకన్నా సంజాయిషీ వద్దు.

2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ప్రకారం తల్లిదండ్రులతో, సంరక్షకులతో క్రమం తప్పకుండా సమావేశమై, పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, చదువులో ప్రగతి వివరించడం ఉపాధ్యాయుల విధి. తల్లి ఇంట్లో ఉండగా ఆ కుర్చీలో పెద్దమ్మ ఎందుకు కూర్చోవాలి? ఈసారి మీటింగు పెట్టినప్పుడు దానికి మీరే వెళ్లండి. టీచర్‌తో ‘నాకు తెలుగులో చెప్పండి’ అని మొదటి మాటగా అనండి, హన్మకొండలో పాఠం చెప్పే టీచర్‌కు తెలుగు రాకుండా ఉండదు. వాడు ఏ సబ్జెక్టులో వెనుకబడ్డాడు, నోటు పుస్తకం ఎన్ని రోజులకొకసారి దిద్దుతారు, తరగతిలో నోరు తెరిచి అడుగుతాడా లేదా అన్నవి కాగితం మీద రాసుకొని వెళ్లి అడిగి, జవాబులు అక్కడే రాసుకోండి. ఆ రోజు మీ యారాలు కూడా తన కొడుకు కోసం వస్తుంది కాబట్టి ముందు రోజే ఆమెతో అనుకోండి, ఇద్దరూ ఒకే ఆటోలో వెళ్లవచ్చు.