మీరు నొక్కింది ఏ హైదరాబాద్?

ప్రశ్న: పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు ఉబుంటు లినక్స్ వేశాను. టైమ్ జోన్ అడిగినప్పుడు హైదరాబాదే ఎంచుకున్నాను. అయినా గడియారం సరిగ్గా అరగంట వెనక ఉంటోంది. లోపల బ్యాటరీ పోయిందంటారా?

జవాబు: బ్యాటరీ జోలికి వెళ్లకండి. అది పోతే గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది గానీ లెక్కగా అరగంట దగ్గర ఆగదు. 'సరిగ్గా అరగంట' అన్నారు చూడండి, గుట్టు అక్కడే ఉంది. హైదరాబాద్ మనకొకటుంటే పాకిస్థాన్‌లోని సింధ్‌లో ఇంకొకటుంది. పేరు కొట్టగానే వచ్చిన వరసలో మీ వేలు దాని మీద పడినట్టుంది. మన టైమ్ ప్రపంచమంతా లెక్కకు వాడే ప్రామాణిక సమయం యూటీసీ కంటే 5.30 గంటలు ముందు, వాళ్లది 5 గంటలే. మళ్లీ ఇన్‌స్టాల్ చేసే పని లేదు. సెట్టింగ్స్‌లో డేట్ అండ్ టైమ్ తెరిచి కోల్‌కతా పెట్టేయండి, చాలు.

కోల్‌కతాయే ఎందుకని చాలామంది అడుగుతుంటారు. లినక్స్, ఆండ్రాయిడ్, మ్యాక్ అన్నీ వాడే టైమ్ జోన్ జాబితాలో పేర్లు ఎక్కువగా 'ఖండం/నగరం' పద్ధతిలో ఉంటాయి. భారతదేశం మొత్తానికీ కలిపి అందులో ఉన్న పేరు ఏషియా/కోల్‌కతా. పాత సాఫ్ట్‌వేర్లలో ఇదే కలకత్తాగా కనిపిస్తుంది, రెండూ ఒకటే. తమాషా ఏమిటంటే, మన టైమ్‌కు ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడకు కాస్త తూర్పుగా పోతుంది. పేరు మాత్రం కోల్‌కతాకు దక్కింది!

నన్నడిగితే తప్పు మీది కాదు, అడిగిన తీరుది. ముందు దేశం అడిగితే ఈ గొడవే ఉండదు. డెబియన్ అనే ఇంకో లినక్స్ ఇన్‌స్టాలర్ అలాగే చేస్తుంది. ఇండియా అని చెప్పామా, ఇక్కడ ఉన్నది ఒకే జోన్ కాబట్టి ఇంకేమీ అడగదు. ప్రపంచ పటం చూపించి నొక్కమనడం చూడ్డానికి బాగుంటుంది గానీ, టచ్‌ప్యాడ్ మీద వేలు కాస్త జారితే నేపాల్‌లో తేలతాం. అక్కడ 5.45.

ప్రశ్న: ఒకే కంప్యూటర్‌లో విండోస్, ఉబుంటు రెండూ ఉన్నాయి. ఉబుంటు వాడి విండోస్‌లోకి వస్తే టైమ్ అయిదున్నర గంటలు వెనక్కి పోతోంది.

జవాబు: ఇక్కడ జోన్ తప్పు కాదు. మదర్‌బోర్డు గడియారంలో ఉబుంటు యూటీసీ రాసిపెడుతుంది, విండోస్ దాన్నే లోకల్ టైమ్ అనుకుంటుంది. ఉబుంటు టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌కు సెట్-లోకల్-ఆర్టీసీ 1 జోడించి ఇస్తే ఉబుంటు కూడా అందులో లోకల్ టైమే రాస్తుంది, రాజీ కుదురుతుంది. తర్వాత విండోస్‌లో ఒకసారి టైమ్ సింక్ చేయండి.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. వాడి లినక్స్‌లో డాలస్ పేరే లేదట. జీఎంటీ మైనస్ 6 పెట్టుకోవచ్చా?

జవాబు: వద్దండీ. అమెరికా/షికాగో పెట్టుకోమనండి, రెండు ఊళ్లదీ ఒకటే టైమ్. మైనస్ 6 అని బిగిస్తే మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా గంట తేడా వస్తుంది. ఆ నెలల్లో డాలస్ మనకు 10.30 గంటలు వెనక, మిగతా రోజుల్లో 11.30. షికాగో అని పెడితే ఆ మార్పు కంప్యూటరే చూసుకుంటుంది.