చలికాలం మీద వ్యాసం రాసిన తమ్మునికి

చిరంజీవి తమ్మునికి ఆశీస్సులు.

నీ వ్యాసం శ్రద్ధగా చదివాను. హన్మకొండ వాడల్లో పెరిగినవానికే తెలిసే సంగతులు అందులో చాలా ఉన్నాయి. కానీ ప్రతి ఆచారం చివరా ‘ఇందులో సైన్సు ఉంది’ అని ముద్ర వేయడం నాకు నచ్చలేదు. భోగి మంట పొగకు క్రిములు చస్తాయన్న వాక్యాన్నే తీసుకో. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి కదలని రాత్రి, నేల తన వేడిని పైకి వదిలి చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడి, పైనున్న వెచ్చని పొర కింద చిక్కుకుపోతుంది. అందుకే తెల్లవారుజామున పొగ పైకి పోక, ఇండ్ల కప్పుల ఎత్తులోనే పరుచుకొని మన ముక్కుల్లోకే వస్తుంది. మంట చుట్టూ ఎవరెవరు చేరుతారో రాయి, చాలు.

‘పుష్యమాసంలో పూస గుచ్చ పొద్దుండదు’ అన్న సామెతను పగలు చిన్నదనే ఒక్క ముక్కతో దాటేశావు. వరంగల్లు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది కనుక, డిసెంబరు 21, 22 తేదీల్లో కూడా మనకు పగలు దాదాపు 11 గంటలుంటుంది. మరి అంత మాట ఎందుకన్నారు? మన దగ్గర ఏడాదిలో అన్నిటికంటే తొందరగా పొద్దుగూకేది నవంబరు నెలాఖరులో. ఆ తర్వాత సాయంత్రాలు మెల్లగా సాగుతాయి. సూర్యోదయం మాత్రం జనవరి మూడో వారం దాకా ఆలస్యమవుతూనే పోతుంది. అంటే పుష్యంలో పొద్దు కరువయ్యేది ఉదయం పూట. తెల్లారకముందే పనిలో దిగేవాళ్ల నోట ఈ సామెత పుట్టిందని నా ఊహ. నీవూ ఊహగానే రాయి.

సంక్రాంతి నాడే సూర్యుడు ఉత్తరానికి మళ్లుతాడన్న మాట సవరించు. అయనచలనం, అంటే భూమి అక్షం బొంగరంలా మెల్లగా దిశ మారడం, 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున సాగడంతో, సూర్యుడు నిజంగా మళ్లే డిసెంబరు 21, 22 తేదీలకూ సంక్రాంతికీ మధ్య ఇప్పుడు మూడు వారాలకు పైగా ఎడం వచ్చింది.

సైన్సు వెతకదలిస్తే సకినాల దగ్గర వెతుకు. బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, వేళ్ల నడుమ మెలితిప్పుతూ తెల్లబట్ట మీద చుట్లు పెట్టడం చక్కగా రాశావు గానీ, వెంటనే నూనెలో వేసేశావు. అవి బట్ట మీదే కాసేపు ఆరాలి. బట్ట తడిని పీల్చుకుంటేనే సకినం విరగకుండా చేతికొస్తుంది. తడి మిగిలితే లోపలి నీరు ఆవిరై నూనెలో పేలుతుంది. ఎంతసేపు ఆరాలో మీ అమ్మను అడుగు. ఆమె గడియారం చూడదు, అంచును వేలితో తాకి చెబుతుంది. ఆ వేలిని రాయి.

ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్ నాగోబా జాతరను సంక్రాంతి ముచ్చట్లలో కలపొద్దు. గోండుల్లోని మెస్రం వంశీయులు గోదావరి జలాన్ని కాలినడకన తెచ్చి, పుష్య అమావాస్య నాడు చేసే పూజ అది. దానికి వేరే వ్యాసం కావాలి. సవరించిన ప్రతిని శివరాత్రిలోగా పంపు, మళ్లీ చూస్తాను.